తూములంక గుప్పెడు గది

అనగనగా ఒక లంక ఊరు. అనగనగా అన్నాను కదా అని రాజులూ గుర్రాలూ వస్తాయేమోనని ఎదురు చూడకండి. ఈ కథలో రాజు లేడు, మైకు సెట్టు ఉంది. ఊళ్ళోకి మైకు సెట్టు వచ్చిన కొత్తలో జరిగిన ముచ్చట ఇది. మీకు మహా పాత కథ. నాకు మాత్రం నిన్నా మొన్నటిదే.

ఆ ఊరి పేరు తూములంక. ఒక పక్క గోదావరి పాయ, ఇంకో పక్క కాలువ. మధ్యలో కొబ్బరి తోటలు, వరి చేలు. ఊరి నడుమ సున్నం కొట్టిన చిన్న గుడి, ఏసయ్య గుడి. చర్చి అనేవాళ్ళు చర్చి అన్నా, మేము మాత్రం గుడి అనేవాళ్ళం.

డిసెంబరు వచ్చిందంటే ఆ ఊరి సందడి చూడాలి! పొద్దున్నే కాలువ మీద మంచు కమ్ముకునేది. అరుగుల మీద కూర్చుని వెదురు బద్దలు చీల్చేవాళ్ళు. ఎరుపూ పచ్చా కాగితాలు మైదా జిగురుతో అంటించి, ఇంటింటి మీదా ఒక నక్షత్రం కట్టేవాళ్ళు. లోపల బుడ్డి దీపం పెట్టేవాళ్ళు. ఏటా ఎవరిదో ఒకరి నక్షత్రం గాలికి అంటుకునేది, ఊరంతా బిందెలు పట్టుకుని పరుగులు తీసేది. ఇప్పుడన్నీ కరెంటు నక్షత్రాలే. అవి అంటుకోనూ అంటుకోవు, వాటి కోసం ఎవరూ పరుగెత్తరు కూడా.

ఆ గుడిని ఆనుకుని ఒక చిన్న గది ఉండేది. దాన్ని గుప్పెడు గది అనేవాళ్ళు. ఎందుకంటారా? తూములంకలో ప్రతి ఇల్లాలూ అన్నానికి బియ్యం కొలుచుకున్నాక, కడగబోయే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి పొయ్యి పక్కనున్న ముంతలో వేసేది. "ఇది దేవుడి గుప్పెడు" అనేది. ఆదివారానికి ముంత నిండేది. ఆ బియ్యం తీసుకెళ్ళి గుప్పెడు గదిలోని పెద్ద బానలో పోసేవాళ్ళు. ఇంట్లో గింజ లేనివాళ్ళు ఆ బానలోంచే తెచ్చుకునేవాళ్ళు. పండగ పూట ఊళ్ళో ఏ పొయ్యీ చల్లగా ఉండకూడదని పెద్దలు పెట్టిన కట్టుబాటు అది.

ఆగండి, అసలు గొప్ప ఇంకా చెప్పలేదు. అప్పుడే ఆవులిస్తే ఎలా?

ఆ గదికి తలుపు లేదు. గుమ్మానికి ఒక పాత దుప్పటి వేలాడేది. డిసెంబరు ఆదివారాల్లో ఆరాధన అయ్యాక ఊరంతా, ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ, గంపలు పట్టుకుని ఆ దుప్పటి ముందు నిలబడాలి. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడూ గంప మీద గుడ్డే, వచ్చేటప్పుడూ గంప మీద గుడ్డే. ఖాళీ గంపలైతే గుడ్డ కుంగిపోకుండా అడుగున ఇంత గడ్డి పెట్టుకునేవాళ్ళు. లోపల పోశారో, తోడుకున్నారో ఆ దేవుడికీ ఆ బానకీ తెలియాలి.

జకరయ్య తాత ఉండేవాడు. తెచ్చిన బియ్యమంతా బానలో పోసి, ఖాళీ గంపతో బయటికొస్తూ "అమ్మో నా నడుము!" అని మూలిగేవాడు. గంప నిండా బియ్యం తెచ్చుకునేవాళ్ళేమో చేతులూపుకుంటూ నవ్వుతూ వచ్చేవాళ్ళు. చూసేవాళ్ళకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. లోపల ఏం చేశావని ఎవరూ ఎవరినీ అడిగేవాళ్ళు కాదు. అడిగితే పెద్దవాళ్ళు నెత్తిన మొట్టేవాళ్ళు.

ఇంక కథలోకి వద్దాం.

ఆ ఊళ్ళో బియ్యం మిల్లు ఆసామి ఒకాయన ఉండేవాడు. పేరు నెహెమ్యా. మంచివాడే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే కాసేపట్లో మీరు ఆయన్ని తిట్టుకుంటారు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి రాహేలమ్మ కష్టపడి పెంచింది. మిల్లులో బస్తాలు మోసి మోసి, చివరికి ఆ మిల్లే కొన్నాడు. ఆ ఏడాది గుడికి మైకు సెట్టు కొనిచ్చింది కూడా ఆయనే. ఊరికి మేలు చెయ్యాలన్న కోరిక ఆయనకు నిజంగానే ఉండేది. ఆ మేలు నలుగురికీ కనపడాలన్న కోరిక ఇంకాస్త ఎక్కువ ఉండేది.

ఆ ఏడాదే, సరిగ్గా కోతల ముందు, గాలివాన వచ్చింది. పండిన చేలు పండినట్టే నీళ్ళలో పడుకున్నాయి. కొబ్బరి చెట్లు కూలాయి. ఒక చెట్టు వెళ్ళి పడవ నడిపే ప్రకాశం పడవ మీద పడింది. పడవ రెండు ముక్కలైంది. ఆ పడవే వాళ్ళకి పొలం, వాళ్ళకి మిల్లు. ప్రకాశం భార్య తబితమ్మ. వాళ్ళకి ఇద్దరు ఆడపిల్లలు, సాలోమి, రూతు.

"ఓడరేవులో బస్తాలు మోసి డబ్బు తెస్తాను. క్రిస్మస్‌కి వచ్చేస్తాను" అని చెప్పి ప్రకాశం పట్నం వెళ్ళాడు. ఆ తరవాత కబురు లేదు.

తబితమ్మ ఇంట్లో బియ్యం అడుగంటాయి. కాపురానికి వచ్చిన నాటినుంచీ పూట తప్పకుండా దేవుడి గుప్పెడు తీసిపెట్టిన మనిషి ఆవిడ. ఇన్నేళ్ళూ బానలో పోసిందే గానీ ఒక్కసారీ తోడుకున్నది లేదు. ఈసారి తోడుకోక తప్పదు. "పోనీలే, దుప్పటి చాటునే కదా. ఎవరికి తెలుస్తుంది?" అని మనసుకు సర్దిచెప్పుకుంది. గంప అడుగున గడ్డి పరిచి, పైన గుడ్డ కప్పి, డిసెంబరు మొదటి ఆదివారం గుడికి బయలుదేరింది.

వెళ్ళి చూస్తే గుమ్మానికి దుప్పటి లేదు!

ఏం జరిగిందంటే, అంతకు ముందురోజే నెహెమ్యా వెళ్ళి పాస్టరు గారిని కలిశాడు. ఊళ్ళో అందరూ పాస్టరు గారిని అయ్యగారు అనే పిలిచేవాళ్ళు.

"అయ్యగారూ, ఈ ఏడాది ఊళ్ళో కరువు ఎక్కువ. బియ్యమూ ఎక్కువ కావాలి. చాటుగా పోస్తే ఎవరు ఎంత పోశారో ఎవరికి తెలుస్తుందండీ? గుప్పెడు పోసేవాడు గుప్పెడే పోస్తాడు. మైకులో పేరు చదివామనుకోండి, మనిషికి ఉత్సాహం వస్తుంది."

అయ్యగారు గడ్డం గోక్కున్నారు. "పెద్దలు పెట్టిన పద్ధతి కదా నెహెమ్యా గారూ..."

"పెద్దల కాలంలో మైకు లేదు కదండీ!"

అయ్యగారు సరేనన్నారు. పాపం, మెత్తని మనిషి. దుప్పటి దిగింది. బాన గదిలోంచి వసారాలోకి వచ్చింది.

ఇంటి దగ్గర రాహేలమ్మ కూడా చెప్పి చూసింది. మోకాళ్ళ నొప్పితో చలికాలం గుడికి రాలేక, అరుగు మీద నులకమంచంలోనే కూర్చునేది ఆవిడ. "ఆ దుప్పటి జోలికి పోకు నాయనా" అంది. "నీకు తెలీదులే అమ్మా" అన్నాడు కొడుకు. తల్లులకి తెలీదని చెప్పడం కొడుకులకి అలవాటే.

ఇక ఆ ఆదివారం మైకు గరగరమంది. "దావీదు గారు, అడ్డెడు బియ్యం!" చప్పట్లు. "ఇమ్మానుయేలు గారు, కుంచెడు!" ఇంకా పెద్ద చప్పట్లు. కుంచెడంటే అడ్డెడుకి రెట్టింపు కదా, దావీదు గారి ముఖం మాడిపోయింది. ఇంటికి పరుగెత్తి ఇంకో కుంచెడు తెచ్చాడు. ఇమ్మానుయేలు గారు ఊరుకుంటాడా? బస్తాయే దింపాడు. సాయంత్రానికి బాన నిండింది. ఇంకో బాన తెచ్చారు, అదీ నిండింది. నెహెమ్యా ముఖం వెలిగిపోయింది.

నిజమే, తూములంక పుట్టాక అన్ని బియ్యం ఎన్నడూ పోగవలేదు. అది కాదనను. కానీ కొంగున ఒక్క గుప్పెడు మూటకట్టుకొచ్చిన ముసలమ్మలు ఆ మూట విప్పకుండానే వెనక్కి తిరిగారు. తబితమ్మ కూడా గడ్డి గంప చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆ పూట పిల్లలకి ఉడకబెట్టిన చిలగడదుంపలు పెట్టింది.

రెండో ఆదివారం వచ్చింది. వారమంతా ఒక్కరూ బియ్యం తీసుకోలేదని నెహెమ్యాకి బెంగ పట్టుకుంది.

"తీసుకోవడానికి సిగ్గుపడుతున్నట్టున్నారు. సిగ్గెందుకు? నా చేత్తో నేనే పోస్తాను" అన్నాడు.

వసారాలో బల్ల వేశారు. బల్ల వెనక కుర్చీ వేశారు. బానలకి బంతిపూల దండలు వేశారు. నెహెమ్యా కుర్చీలో కూర్చుని, ఎంతో ప్రేమగా మైకు అందుకున్నాడు. నిజంగా ప్రేమగానే సుమా!

"ఇంట్లో లేనివాళ్ళు దయచేసి ముందుకు రండి. వరసలో రండి. మొహమాటపడకండి. పేరు చెప్పి పట్టుకెళ్ళండి."

ఎవరూ కదల్లేదు. ఆడవాళ్ళు కొంగు సర్దుకున్నారు. మగవాళ్ళు గోళ్ళు చూసుకున్నారు.

"ఒక్కరూ లేరా?"

ఎవరో దగ్గారు, అంతే.

నెహెమ్యా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతో! "దేవుడికి స్తోత్రం! మన తూములంకలో లేనివాళ్ళే లేరు!" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆకలితో ఉన్నవాళ్ళూ కొట్టారు. కొట్టకపోతే తెలిసిపోతుంది కదా! తబితమ్మ కూడా కొట్టింది. రూతు అమ్మ ముఖం చూసి, తనూ తన చిన్ని చేతులతో కొట్టింది.

ఇంతలో ఊళ్ళో అరిసెల పని మొదలైంది. ఇది మీకు చెప్పాలి. తూములంకలో క్రిస్మస్ నాటి ఉదయం ప్రతి ఇంటినుంచీ ప్రతి ఇంటికీ పిండివంటల పళ్ళెం వెళ్తుంది. పళ్ళెం పంపని ఇల్లు ఉండదు, పళ్ళెం అందని ఇల్లూ ఉండదు. అందుకని పండగకి రెండు వారాల ముందునుంచే నానిన బియ్యం రోళ్ళలో పోసి దంచేవాళ్ళు. ఏ సందులోకి వెళ్ళినా దబ్ దబ్‌మని రోకలి చప్పుడే. ఏ ఇంటి ముందు నడిచినా బెల్లం పాకం వాసనే. అబ్బ! ఆ వాసనకే సగం పండగ అయిపోయేది.

"అమ్మా, మన ఇంట్లో అరిసెలు ఎప్పుడూ?" అని రూతు అడిగింది.

"నాన్న రానీ" అంది తబితమ్మ. నాన్న ఎప్పుడొస్తాడో ఆవిడకి మాత్రం ఏం తెలుసు? ఇప్పుడు ఆవిడకి ఆకలి ఒక్కటే కాదు బెంగ. పండగ నాడు తన గుమ్మంలోంచి పళ్ళెం కదలకపోతే ఊరంతా తెలుస్తుంది. ఇన్నాళ్ళూ వదినా అనీ అత్తా అనీ పిలిచిన నోళ్ళే "పాపం" అంటాయి. ఆ ఒక్క మాట పడలేక ఆవిడ కుమిలిపోతోంది.

మూడో ఆదివారానికి ప్రకాశం పడవ విరిగిన సంగతి నెహెమ్యా చెవిన పడింది, ఇంకో ఆలోచన వచ్చింది. "గుడికి రాకపోతే నేనే వాళ్ళ గుమ్మాల్లోకి వెళ్తాను" అన్నాడు. ఎడ్లబండికి కొబ్బరాకులు కట్టారు. బండి మీద బస్తాలు, బస్తాల మీద మైకు. ముందు డోలు, వెనక హార్మోనియం. బండి వీధుల్లో తిరిగి తిరిగి తబితమ్మ వాకిట్లో ఆగింది.

"అమ్మాయ్ తబితా! మీ పడవ విరిగిపోయిందటగా, మీ ఆయన ఊళ్ళో లేడటగా. ఇదిగో నీకోసం బస్తా తెచ్చాను. ఇలా ముందుకొచ్చి తీసుకో, అందరికీ కనపడాలి" అన్నాడు నెహెమ్యా. మైకులోనే అన్నాడు. వీధంతా గడపల్లోకి వచ్చి చూస్తోంది.

తబితమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. పక్కన పిల్లలిద్దరూ బస్తా వంక చూస్తున్నారు. ఒక్క అడుగు ముందుకేస్తే చాలు, పిల్లలకి వేడి అన్నం. ఆ అడుగే పడలేదు.

"మాకున్నాయండి అన్నయ్యగారూ. రేపు అరిసెలకి పిండి కూడా దంచుకుంటున్నాను. లేనివాళ్ళకి ఇవ్వండి" అంది.

"అమ్మా..." అని రూతు ఏదో అనబోయింది. సాలోమి గబుక్కున చెల్లెలి నోరు మూసింది.

"చూశారా? తబితమ్మ కూడా అరిసెలు చేసుకుంటోంది!" అని నెహెమ్యా మైకులో చెప్పాడు. డోలు మోగింది, బండి కదిలింది.

పాపం, ఆవిడ గౌరవం కోసం ఆడిన అబద్ధం మైకులో ఊరంతా వినేసింది. మరి తెల్లారాక రోకలి చప్పుడు వినపడకపోతే ఎలా? తబితమ్మ మిల్లు వెనక కుప్ప పోసిన ఊక ఒక చేటెడు తెచ్చుకుంది. రోట్లో పోసింది. దబ్ దబ్‌మని దంచడం మొదలుపెట్టింది. కళ్ళనుంచి నీళ్ళు కారి రోట్లో పడుతున్నాయి. ఊక దంచుతూ ఏడ్చిన తల్లిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఎవరి మీదో కోపం వస్తుంది.

ఆ చప్పుడు వెనక వీధిలో అరుగు మీద కూర్చున్న రాహేలమ్మ చెవిన పడింది. మొదట ఆవిడ పట్టించుకోలేదు. కాసేపటికి మాత్రం తల ఎత్తి విన్నది.

అరిసెల పిండి ఎలా దంచుతారో మీకు తెలుసా? కాసేపు దంచాలి. ఆపి జల్లెడ పట్టాలి. పైన మిగిలిన రవ్వ మళ్ళీ రోట్లో పోసి దంచాలి. రోకలి ఆగినప్పుడల్లా జల్లెడ చప్పుడు రావాలి. తబితమ్మ రోకలి మాత్రం ఆగదు. దంచుతూనే ఉంది. జల్లెడ చప్పుడు లేదు. మధ్యాహ్నమైనా ఆ వైపునుంచి పాకం వాసనా లేదు.

రాహేలమ్మకి సంగతి అర్థమైపోయింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆవిడకి అంత చప్పున ఎలా అర్థమైందో కాసేపాగి చెబుతాను.

"ఒక బస్తా చాటుగా పంపేస్తే సరిపోయేదిగా?" అంటారా? ఒక్క తబితమ్మకి పంపగలదు. చప్పట్లు కొట్టిన ఆకలి కడుపులు ఊళ్ళో ఇంకా ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు? రాహేలమ్మ ఆలోచించింది అదీ.

క్రిస్మస్ ముందు ఆదివారం రానే వచ్చింది. ఆ రోజు గుడి వసారాలో నెహెమ్యాకి సన్మానం చేశారు. పెద్దలు ఆయన భుజాల మీద పెద్ద శాలువా కప్పారు. ఆయన మైకు అందుకున్నాడు.

"మన ఊళ్ళో లేనివాళ్ళు లేరని తేలిపోయింది. ఈ బియ్యం పురుగు పట్టకముందే ఈ పూటే పట్నానికి పంపి అమ్మేద్దాం. వచ్చిన డబ్బుతో పాలరాతి పలక చేయించి, దాని మీద ఇచ్చినవాళ్ళ పేర్లు చెక్కిద్దాం!"

చప్పట్లు. గుడి బయట బండి సిద్ధంగా ఉంది. వెనక వరసలో తబితమ్మ ఆ బండి వైపే చూస్తోంది. ఆ బియ్యం ఊరు దాటితే ఇంక ఆశ లేదు.

అప్పుడు వెనకనుంచి కర్ర చప్పుడైంది. రాహేలమ్మ వచ్చింది. ఒక చేత్తో కర్ర, ఇంకో చంకలో ఖాళీ గంప. అడుగులో అడుగేసుకుంటూ జనం మధ్యలోంచి నడిచి, కొడుకు బల్ల ముందు నిలబడింది.

"అదేంటమ్మా, ఈ నొప్పులతో ఎందుకొచ్చావు?" అన్నాడు నెహెమ్యా కంగారుగా.

"వరసలో రమ్మన్నావుగా నాయనా, వచ్చాను. బియ్యం పెట్టు."

"తమాషానా అమ్మా? మన మిల్లు నిండా బియ్యమేగా!"

"అది నీ మిల్లు. నాకు ఈ బానలో బియ్యం కావాలి. ఊరికే పెట్టకు, మైకులో పేరు చదివి పెట్టు. ఏం చదవాలో నేను చెబుతాను. మిల్లు నెహెమ్యా గారి తల్లి రాహేలమ్మ, ఇంట్లో గింజ లేక, అడుక్కోవడానికి వచ్చింది. ఊఁ, చదువు."

నెహెమ్యా ముఖం ఎర్రబడింది. ముందు వరసలో పెద్దమనుషులు తలలు దించుకున్నారు. ఆయన తల్లి వైపు వంగి, "అమ్మా, లోపలికెళ్ళి మాట్లాడుకుందాం రా" అని గుసగుసగా అన్నాడు. మైకు చేతిలోనే ఉందిగా! ఆ గుసగుస కాలువ అవతలి దాకా వినపడింది.

"లోపలికి ఎందుకురా? చాటెందుకు? చాటు వద్దనేగా దుప్పటి తీసేశావు?" అంది రాహేలమ్మ.

ఇంక ఆవిడ ఆగలేదు.

"విను. మీ నాన్న పోయేనాటికి నీకు పాలపళ్ళు కూడా ఊడలేదు. ఆ క్రిస్మస్‌కి మన ఇంట్లో గింజ లేదు. ఇదిగో, ఈ గంపే పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళాను. బానలోంచి తోడుకుని, గుడ్డ కప్పుకుని బయటికొచ్చాను. ఒక్క ఏడాది కాదు, నీకు మీసాలు వచ్చేదాకా అలాగే తెచ్చాను. ఈ ఊళ్ళో ప్రతి ఇంటి గుప్పెడూ తిని పెరిగావు నువ్వు. వాళ్ళకి తెలీదు. నీకూ తెలీదు. అందుకేరా బళ్ళో ఒక్కడు కూడా నిన్ను వేలెత్తి చూపలేదు. అందుకే తలెత్తుకుని తిరిగావు. ఆనాడే ఈ మైకుండి, తండ్రిలేని నెహెమ్యాకి సోలెడు బియ్యం అని అరిచుంటే, నువ్వు ఈ కుర్చీ దాకా వచ్చేవాడివా?"



భర్త పోయిన ఏడాది, ఆ గదిలోకి వెళ్ళక ముందు, ఆవిడ కూడా పొరుగువాళ్ళు వినాలని రోట్లో ఊకే దంచింది. ఆ మాట మాత్రం మైకు ముందు చెప్పలేదు. చెబితే ఇంకొకరి గుట్టు బయటపడుతుంది కదా! తన గుట్టంతా తనే విప్పేసింది, పక్కింటి గుట్టు మాత్రం కడుపులో దాచుకుంది. తెలివంటే అదీ పిల్లలూ.

నెహెమ్యా మైకు ఆపేశాడు. కుర్చీలోంచి లేచి తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. అంత మనిషీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"తప్పు చేశానమ్మా."

"నాకు చెబుతావేంటిరా? ముందు ఆ గుమ్మానికి గుడ్డ కట్టు" అంది రాహేలమ్మ.

పాత దుప్పటి ఎక్కడ పడేశారో దొరకలేదు. నెహెమ్యా భుజం మీది శాలువా తీసి, తన చేత్తోనే గుమ్మానికి కట్టాడు. బల్లా కుర్చీ తీయించాడు. దండలు విప్పించి, బానల్ని గదిలోకి చేర్పించాడు. ఊరంతా ఇళ్ళకి పరుగెత్తి గంపలూ గుడ్డలూ తెచ్చుకుంది.

అందరికంటే ముందు నెహెమ్యాయే లోపలికి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు గంప నెత్తిన పెట్టుకుని "అమ్మో నా నడుము!" అని మూలిగాడు. జకరయ్య తాత పకపకా నవ్వాడు. లోపల ఏం చేశాడంటారా? అడగకూడదని చెప్పానా లేదా?

ఒక్కొక్కరే వెళ్ళారు, ఒక్కొక్కరే వచ్చారు. కొంగున గుప్పెడు కట్టుకున్న ముసలమ్మలూ వెళ్ళారు. ఎవరు పెట్టారో గానీ, బానల పక్కన బెల్లం దిమ్మలూ, నూనె సీసాలూ కూడా చేరాయి. తబితమ్మ వంతు వచ్చింది. ఆ సమయానికి ఊరందరికీ ఒక్కసారిగా గుడి శిఖరం మీద ఏదో పని పడింది. అందరూ మెడలెత్తి అటే చూస్తున్నారు. ఆవిడ వెళ్ళిందీ వచ్చిందీ ఎవరూ చూడలేదు.

ఆ రోజు ఊళ్ళో బండి ఎక్కిన బస్తా ఒక్కటీ లేదు. వారం తిరక్కుండా రెండు బానలూ ఖాళీ. తూములంకలో లేనివాళ్ళు ఎందరున్నారో ఆ ఖాళీ బానల్ని చూసి నెహెమ్యాకి తెలిసింది. ఎవరో మాత్రం తెలియలేదు. తెలుసుకోవాలని ఆయన అడగనూ లేదు.

పండగ ముందురోజు సాయంత్రం ప్రకాశం వచ్చేశాడు. చేతిలో పెద్దగా ఏమీ లేదు, పిల్లలకి చెరో రిబ్బను ముక్క తప్ప. నాన్న వచ్చాడు, పిల్లలు అదే చాలనుకున్నారు.

క్రిస్మస్ తెల్లారింది. కాలువ మీద మంచు, గుడి గంట, కొత్త బట్టల గంజి వాసన. ఇంటింటికీ పళ్ళేలు బయలుదేరాయి. సాలోమి కూడా గుడ్డ కప్పిన పళ్ళెం పట్టుకుని మిల్లు ఇంటికి వెళ్ళింది. వెనకాలే రూతు.

"మామయ్యగారూ, అమ్మ పంపింది" అంది సాలోమి.

నెహెమ్యా లేచి నిలబడి, రెండు చేతులా పళ్ళెం అందుకున్నాడు. అక్కడే నిలబడి ఒక అరిసె కొరికాడు. పాకం ముదిరిందేమో, గట్టిగా ఉంది. కొరికినా తెగలేదు.

"బాగున్నాయా మామయ్యగారూ?" అని రూతు అడిగింది.

"చాలా బాగున్నాయి తల్లీ. మా ఇంట్లో వాటికంటే బాగున్నాయి. ఇంకో రెండు తెమ్మన్నానని అమ్మకి చెప్పు" అన్నాడు నెహెమ్యా.

"అడిగితే మా అమ్మ పెడుతుంది" అంది రూతు గర్వంగా, తలెత్తి.

పిల్లలూ, ఎదుటివాళ్ళ ఆకలి తీర్చడం మంచిపనే. వాళ్ళ తల దించకుండా తీర్చడమే అసలైన దానం.